పోలిష్ భాష తెలిసిన దుబాసి కావాలి, ఒంగోలులో మూడు రోజుల పని

చీమకుర్తి_నల్లరాయి
మే నెల చివరి వారంలో పోలండ్ నుంచి ఇద్దరు బయ్యర్లు మా దగ్గరికి వస్తున్నారు. రెండు రోజులు చీమకుర్తి క్వారీలు తిరిగి గెలాక్సీ గ్రానైటు బ్లాకులు చూస్తారు. మూడో రోజు ఒంగోలులో మా పాలిషింగ్ యూనిట్లో కూర్చుని సైజులు, రేట్లు, డెలివరీ మాట్లాడుకోవాలి. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. ఇన్నాళ్ళూ మాకు మెయిళ్ళు రాసిన అమ్మాయి వాళ్ళ ఆఫీసు మనిషి, ఆమె రావడం లేదట.

పోలిష్ విని మాకు తెలుగులో కాకపోయినా ఇంగ్లీషులోనో హిందీలోనో చెప్పగలిగే మనిషి మూడు రోజులకి కావాలి. ఏజెన్సీలు వద్దు, సొంతంగా ఈ పని చేసుకునేవాళ్ళయితే మేలు. ఒంగోలులో ఎవరిని అడిగినా "పాలిష్ మేస్త్రీయేగా?" అని నంబరు ఇస్తున్నారు. నాలుగు రోజుల్లో పదకొండు మంది పాలిష్ మేస్త్రీల నంబర్లు పోగయ్యాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, రెండేళ్ళ కిందట ఇలాగే ఒక పోలండ్ ఆయన వచ్చాడు. ఫోన్లో యాప్ ఉంది కదా, చాల్లే అనుకున్నాం. బ్లాకు దగ్గర నిలబడి నాన్న రేటు చెప్పారు. ఆయన తల ఊపుతూ "నో, నో" అన్నాడు. నాన్న క్యూబిక్ మీటరుకి నలభై డాలర్లు తగ్గించారు. మళ్ళీ "నో". ఇంకో ముప్పై తగ్గించారు. అప్పుడు చెయ్యి కలిపాడు. ఆ సరుకు మీద మాకు కూలి ఖర్చులు కూడా సరిగ్గా రాలేదు. ఈసారి అలా జరగకూడదు.

గూడూరు_నిమ్మతోట
కొనేవాడు వాడు. దుబాసిని వాడినే తెచ్చుకోమనండి. ఖర్చు మీకెందుకు?

పెన్నా_గట్టు
నిమ్మతోట అన్నా, వాళ్ళు తెచ్చుకుంటే ఆ మనిషి వాళ్ళ మనిషే అవుతాడు. మనకి అర్థం కాని భాషలో వాళ్ళ ముగ్గురూ పది నిమిషాలు మాట్లాడుకుని, చివర్లో మనకి ఒక్క ముక్క చెప్తాడు. నెల్లూరులో ఎక్స్‌పోర్ట్ కాగితాల పని చేస్తున్నా. ఇలాంటి మీటింగుల్లో కూర్చున్నవాడిని కాబట్టి చెప్తున్నా. మన తరఫున మన మనిషి ఒకరు ఉండాల్సిందే.

లుబ్లిన్_డాక్టరమ్మ
నల్లరాయి తమ్ముడూ, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. ఆయన మొదటిసారే ఒప్పుకున్నాడు.

పోలిష్‌లో కాదు, వద్దు అనడానికి "న్యే" అంటారు. అవును అంటే "తాక్". వాళ్ళు మాటల్లో వాడే "నో" మన "ఆఁ", "ఊఁ", "సరే మరి" లాంటిది. ఫోన్లో అమ్మతో మాట్లాడుతూ మనం "ఊఁ... ఊఁ..." అన్నట్టు వాళ్ళు "నో... నో..." అంటారు. తల ఊపుతూ అన్నాడని మీరే రాశారు కదా. మీ నాన్నగారు చెప్పిన రేటుకి "ఆఁ, సరే" అన్నాడు. తగ్గించారు, ఇంకా సంతోషంగా "ఆఁ" అన్నాడు.

నేను కావలి పిల్లని, మెడిసిన్ లుబ్లిన్‌లో చదివా. మా కోర్సు ఇంగ్లీషులోనే, కానీ వార్డులోకి వెళ్తే రోగి మాట్లాడేది పోలిష్. మొదటి నెల ఈ "నో"తో నేనూ తిప్పలు పడ్డా. "నొప్పి ఉందా?" అంటే ముసలాయన "నో" అన్నాడు, నేను లేదని రాసుకున్నా. పక్కనున్న నర్సు కాగితం లాక్కుని దిద్దింది.

చీమకుర్తి_నల్లరాయి
అక్కా, ఇది నాన్నకి చదివి వినిపించా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "డెబ్భై డాలర్లు" అని ఒక్కమాట అని బయటికి వెళ్ళి కూర్చున్నారు.

కనిగిరి_కుర్రోడు
అయ్యో అన్నా 😢

మాస్కో_రిటర్న్
పోలిష్ దొరకడం కష్టం. రష్యన్ తెలిసినవాళ్ళు మన జిల్లాల్లో బోలెడు మంది ఉన్నారు. రష్యా, ఉక్రెయిన్‌లలో ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్ళు నెల్లూరులోనే ఎంతమంది! రెండూ ఒకే కుటుంబం భాషలు. పైగా పోలండ్‌లో 1989 వరకు బడుల్లో రష్యన్ తప్పనిసరి. మీ బయ్యర్లు యాభై ఐదు దాటినవాళ్ళయితే వాళ్ళకి రష్యన్ వచ్చే ఉంటుంది. నాకు తెలిసినవాళ్ళు ఇద్దరున్నారు, కావాలంటే అడుగుతా.

లుబ్లిన్_డాక్టరమ్మ
మాస్కో గారూ, బడిలో చదివారన్నది నిజం. చదివినవాళ్ళందరికీ గుర్తుందనలేం, గుర్తున్నా మాట్లాడటం ఇష్టం లేనివాళ్ళూ ఉంటారు. ముందుగా అడిగి, వాళ్ళు సరేనంటేనే ఆ దారి.

ఇక ఒకే కుటుంబం అన్నదే అసలు ప్రమాదం. పోలిష్‌లో "జపోమ్న్యెచ్" అంటే మరిచిపోవడం. రష్యన్‌లో "జపోమ్నిత్" అంటే గుర్తుపెట్టుకోవడం. సరిగ్గా తలకిందులు! బయ్యరు "ఆ సైజు సంగతి మరిచిపోయా" అంటే మీ మనిషి "గుర్తుపెట్టుకున్నారట" అని చెప్తాడు. "స్క్లెప్" అంటే పోలిష్‌లో దుకాణం, రష్యన్‌లో శవాన్ని ఉంచే సమాధి గది. సమాధి రాళ్ళ వ్యాపారంలో ఈ మాట దగ్గర పొరపాటు జరిగితే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

మాస్కో_రిటర్న్
జపోమ్న్యెచ్ సంగతి నాకు తెలీదు. ఒప్పుకుంటున్నా. ఉక్రేనియన్ అయితే మాటలు ఇంకా దగ్గరగా ఉంటాయి, కానీ మీరన్న మాట దానికీ వర్తిస్తుంది. పోలిష్ వచ్చినవాళ్ళనే వెతకడం మంచిది.

కావలి_కెరటం
సమాధి రాళ్ళా? గెలాక్సీ అంటే వంటగది గట్లకీ, ఫ్లోరింగుకీ అనుకున్నానే.

వ్రోత్స్‌వాఫ్_ఒంగోలోడు
కెరటం, గట్లకీ వాడతారు. కానీ పోలండ్‌లో సమాధుల మీద రాయి పెట్టడం చాలా పెద్ద వ్యాపారం. నవంబరు 1 వాళ్ళకి పితృదేవతల రోజు లాంటిది. ఊరూరా శ్మశానాలకి వెళ్ళి, రాళ్ళు కడిగి, పూలు పెట్టి, దీపాలు వెలిగిస్తారు. ఆ రాత్రి శ్మశానం మొత్తం ఎర్రగా, పచ్చగా వెలుగుతూ ఉంటుంది, మన కార్తీక దీపాల్లాగా. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది చూసి అలాగే నిలబడిపోయా. ఆ రోజుకి కొత్త రాయి పెట్టాలని అందరూ తొందరపడతారు. అందుకే మీ బయ్యర్లు మేలో వస్తున్నారు. ఎర్ర సముద్రం గొడవల తర్వాత చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తున్నాయి, ఆ ఆలస్యం కూడా లెక్కేసుకునే ఉంటారు.

నేను ఉండే ఊరికి గంట ప్రయాణంలో స్త్షెగోమ్ అనే ఊరుంది. అది వాళ్ళ చీమకుర్తి, అక్కడంతా గ్రానైటే. అయితే వాళ్ళది బూడిద రంగు రాయి. నలుపులో బంగారు చుక్క కావాలంటే మన ఊరికి రావాల్సిందే, ఇంకెక్కడా లేదు కదా.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆరేళ్ళుగా ఇక్కడే. పోలిష్ బాగానే వచ్చు. వీడియో కాల్లో ఉండి చెప్పమంటే చెప్తా, డబ్బులేం వద్దు, మన ఊరి పని. మే నెలలో మీకూ మాకూ మూడున్నర గంటలే తేడా.

చీమకుర్తి_నల్లరాయి
అన్నా, ఆ మాట చాలు. కానీ క్వారీ కింది బెంచీల (మెట్లలా తవ్విన అంచెల) దగ్గర సిగ్నల్ ఉండదు. పైగా కంప్రెసర్, డ్రిల్లింగు మోత. పక్కనున్న మనిషి మాటే చెవి దగ్గర అరిస్తే గానీ వినపడదు.

వ్రోత్స్‌వాఫ్_ఒంగోలోడు
అది మరిచిపోయా. అయితే పక్కన మనిషి ఉండాల్సిందే. మూడో రోజు ఆఫీసులో ఏదన్నా చిక్కు వస్తే నాకు కాల్ చేయండి, లైన్లో ఉంటా.

ఒక మాట మాత్రం ఇప్పుడే రాసుకోండి. టైము. పోలిష్‌లో "ఫ్పూవ్ దో ఊస్మెయ్" అంటారు. ఊస్మా అంటే ఎనిమిది, ఫ్పూవ్ అంటే సగం. నేను ఎనిమిదిన్నర అనుకుని వెళ్తే మీటింగు అయిపోయింది. ఎనిమిదికి ఇంకా అరగంట ఉంది, అంటే ఏడున్నర అని దాని అర్థం. కొత్త ఉద్యోగంలో మూడో రోజు అది. అంకెల్లో కూడా, మనం చుక్క పెట్టే చోట వాళ్ళు కామా పెడతారు. 2,5 అని రాస్తే రెండున్నర. రేట్ల కాగితం మీద అది చూసుకోండి.

కనిగిరి_కుర్రోడు
ఇప్పుడు యాప్‌లు రెండేళ్ళ కిందట ఉన్నట్టు లేవు అన్నా. మాట్లాడితే చాలు వెంటనే పోలిష్‌లో చెప్పేస్తున్నాయి. మూడు రోజులకి ఒక మనిషికి వేలకి వేలు పోయడం అవసరమా? ఆ డబ్బుతో మంచి మైకు కొనుక్కోవచ్చు.

చీమకుర్తి_నల్లరాయి
తమ్ముడూ, నిన్ననే మళ్ళీ ప్రయత్నం చేశా. మా దగ్గర వెంకయ్య తాత అని మార్కింగు చూసే మేస్త్రీ ఉన్నాడు. బ్లాకు మీద సుత్తితో కొడతాడు. గల్లుమంటే "రాయి పలికింది" అంటాడు, లోపల పగులు లేదని. డొల్లగా మోగితే ఆ బ్లాకు పక్కన పెట్టిస్తాడు. "ఈ రాయి బాగా పలికింది" అని యాప్‌లో చెప్పా. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి చూస్తే "ఈ రాయి చక్కగా మాట్లాడింది" అని వచ్చింది. బయ్యరుకి ఇదే వినిపిస్తే మమ్మల్ని ఏమనుకుంటాడు?

కనిగిరి_కుర్రోడు
సరే, ఇక్కడ నేను ఓడిపోయా. మెనూ కార్డులకీ, ఆటో బేరానికీ యాప్ చాలు. మీ పనికి చాలదు.

మూలపేట_మాస్టారు
దుబాసి అని మీరు వాడిన మాట చూసి ముచ్చటేసింది. ద్విభాషి నుంచి వచ్చింది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో చెన్నపట్నంలో దుబాసీ అంటే మాటలు మార్చి చెప్పేవాడే కాదు, బేరం కుదిర్చి రెండు వైపులా వాటా తీసుకునేవాడు కూడా. అందుకే పాతవాళ్ళలో దుబాసీ అంటే కొంచెం అనుమానం ఉండేది.

అందుకని నా మనవి. మీరు పెట్టుకునే మనిషికి రోజు లెక్కన డబ్బివ్వండి. బేరం కుదిరితే ఇంత శాతం అని ఎట్టి పరిస్థితుల్లోనూ అనొద్దు. శాతం ఆశ పెట్టిన క్షణం నుంచి ఆ మనిషి నోట్లోంచి మీ మాట మీ మాటగా రాదు. బయ్యరు "ఆలోచిస్తా" అంటే "దాదాపు ఒప్పుకున్నాడు" అని చెప్తాడు.

గూడూరు_నిమ్మతోట
మాస్టారి మాట నూటికి నూరు పాళ్ళు నిజం. మొదట నేను అన్నమాట వెనక్కి తీసుకుంటున్నా. మా నిమ్మకాయల మండీలో తువ్వాలు కింద వేళ్ళతో బేరం చేసే రోజుల్లో మధ్యవర్తి ఎవరి వేలు నొక్కుతున్నాడో మాకే తెలిసేది కాదు.

పెన్నా_గట్టు
ఇక పనిలోకి వద్దాం. ఎక్కడ వెతకాలో నాకు తెలిసినంత చెప్తా.

ప్రోజ్ డాట్ కామ్, ట్రాన్స్‌లేటర్స్ కేఫ్ అని రెండు సైట్లున్నాయి. సొంతంగా పనిచేసే అనువాదకుల వివరాలు అందులో దొరుకుతాయి. పోలిష్–ఇంగ్లీషు జంట ఎంచుకుని, దేశం ఇండియా పెట్టు. పేర్లు కొద్దిగానే వస్తాయి. ఒక్కటి చూసుకో, రాసే అనువాదం వేరు, నోటితో అక్కడికక్కడ చెప్పడం వేరు. చక్కగా రాసేవాళ్ళందరూ మనుషుల మధ్య నిలబడి చెప్పలేరు. ఎదుటిమనిషి రెండు మూడు వాక్యాలు చెప్పి ఆగాక ఈ మనిషి చెప్పే పద్ధతిలో ఎన్ని మీటింగులు చేశారో అడుగు.

ఢిల్లీ యూనివర్సిటీలో స్లావోనిక్, ఫిన్నో ఉగ్రియన్ భాషల విభాగం ఉంది, అక్కడ పోలిష్ నేర్పిస్తారు. అక్కడ చదివి బయటికొచ్చినవాళ్ళ కోసం విభాగానికి మెయిల్ పెట్టు. ఢిల్లీ నుంచి మనిషి వస్తే విమానం, బస అన్నీ నీవే.

మూడోది, ఇక్కడివాళ్ళని పెళ్ళి చేసుకుని చెన్నై, హైదరాబాద్, బెంగుళూరులలో స్థిరపడ్డ పోలండ్ వాళ్ళు. వీళ్ళలో ఈ పని చేసేవాళ్ళు దొరకొచ్చు. కానీ ఇక్కడ పనిచేసే హక్కు ఉన్నవాళ్ళనే తీసుకో. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళని పనికి పెట్టుకోకూడదు.

డబ్బు సంగతి. రోజు అంటే ఎన్ని గంటలు, గంట దాటితే ఎంత, ప్రయాణం చేసిన రోజుకి సగమా మొత్తమా, చివరి నిమిషంలో బయ్యర్లు రాకపోతే ఎంత ఇవ్వాలి, ఇవన్నీ ముందే మెయిల్లో రాయించుకో. టీడీఎస్ సంగతి మీ ఆడిటర్ని అడుగు.

సూళ్లూరుపేట_తంబి
ఎవరూ చెప్పని దారి ఒకటి చెప్తా. వార్సా యూనివర్సిటీలో మన దేశ భాషలు నేర్పిస్తారు. సంస్కృతం, హిందీ, బెంగాలీతో పాటు తమిళం కూడా ఉంది. తమిళం వచ్చిన పోలండ్ మనిషి దొరికితే మా ఊళ్ళో సగం మంది ఆ మనిషితో మాట్లాడేస్తారు! నల్లరాయి, మీ ఇంట్లో ఎవరికన్నా తమిళం వచ్చా?

చీమకుర్తి_నల్లరాయి
మా అమ్మమ్మది తడ. అమ్మకి బాగా వచ్చు. కానీ అమ్మని క్వారీకి తీసుకెళ్ళలేం కదా తంబీ 😄

సూళ్లూరుపేట_తంబి
భోజనాల దగ్గర పనికొస్తుంది. ఇంకోటి, 2025 జూన్‌లో మన శుభాంశు శుక్లా అంతరిక్షానికి వెళ్ళాడు చూడు, ఆ ఆక్సియమ్-4లోనే పోలండ్ ఆయన స్వావోష్ ఉజ్నాన్‌స్కీ కూడా ఉన్నాడు. శ్రీహరికోట షార్ పక్కన పుట్టినవాణ్ణి కదా, పనులన్నీ పక్కన పెట్టి చూశా. మాట కలపడానికి అది చాలు.

మూలపేట_మాస్టారు
దానికంటే పెద్ద బంధం ఉంది తంబీ. రెండో ప్రపంచ యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని సోవియట్ దేశం నుంచి బయటపడ్డ పోలండ్ పిల్లలకి 1942లో గుజరాత్‌లోని నవానగర్ రాజు జామ్‌సాహెబ్ దిగ్విజయ్‌సింగ్‌జీ తన రాజ్యంలోని బాలాచడిలో ఆశ్రయం ఇచ్చాడు. వార్సాలో ఒక కూడలికి "మంచి మహారాజు" పేరు పెట్టుకున్నారు. ఇది చెప్పమని మీ దుబాసిని అడగండి.

కావలి_కెరటం
కొంచెం పక్కదారి, కానీ పోలిష్ సంగతే. మా పెదనాన్న కొడుకు అక్కడి అమ్మాయిని చేసుకుంటున్నాడు. పోలండ్‌లో రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళికి దుబాసి కావాలన్నారట. వాడి ఫ్రెండుకి పోలిష్ బాగా వచ్చు, వాడు చాలడా?

వ్రోత్స్‌వాఫ్_ఒంగోలోడు
చాలడు. ఇక్కడ ప్రమాణం చేసిన అనువాదకుడే ఉండాలి. "త్వూమాచ్ పషిశెంగ్వి" అంటారు. 2004లో చేసిన చట్టం ప్రకారం పరీక్ష రాసి, మంత్రి ముందు ప్రమాణం చేసి, గుండ్రటి ముద్ర తీసుకుంటారు. పేర్లన్నీ న్యాయశాఖ సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు. తెలుగుకి వెతుక్కుంటూ కూర్చోకండి, పెళ్ళికొడుక్కి ఇంగ్లీషు వస్తుంది కదా, ఇంగ్లీషు–పోలిష్ వాళ్ళయితే తేలిగ్గా దొరుకుతారు. ఇండియా నుంచి తెచ్చే జనన ధృవపత్రం లాంటివాటికి ముందు మన విదేశాంగ శాఖ అపోస్టిల్ (బయటి దేశాల్లో చెల్లేలా వేసే ధృవీకరణ) వేయించి, తర్వాత ఇక్కడ అనువాదం చేయించమనండి. పేజీ అంటే 1125 అక్షరాలు, ఖాళీలతో కలిపి. మామూలు కాగితం ఒక పేజీ వాళ్ళ లెక్కలో రెండు పేజీలైపోతుంది, బిల్లు చూసి కంగారు పడొద్దు.

నల్లరాయికి ఈ ముద్ర ఉన్న మనిషి అక్కర్లేదు. వ్యాపారం మాటలకి మామూలు దుబాసి చాలు. రేపు పోలండ్‌లో నోటరీ ముందు ఏదన్నా రాయాల్సి వస్తే అప్పుడు చూసుకోవచ్చు.

కావలి_కెరటం
బతికించారు అన్నా. ఫ్రెండుని తీసుకుని వెళ్ళుంటే పెళ్ళి ఆగిపోయేది.

చీమకుర్తి_నల్లరాయి
దొరికారు!

పెన్నా గట్టు అన్న చెప్పిన సైట్లో తొమ్మిది మందికి రాశా. ముగ్గురు జవాబిచ్చారు. ఒకాయన అన్ని భాషలూ వచ్చంటాడు, పోలిష్‌లో ఎవరితో మాట్లాడాలన్నా రెండు రోజుల టైము కావాలంటాడు, వదిలేశా. ఒకరికి ఆ తేదీలు కుదరలేదు. మూడో ఆవిడ చెన్నైలో ఉంటారు, పోలండ్ మనిషే, పెళ్ళయి పన్నెండేళ్ళుగా ఇక్కడే. ఇక్కడ ఉండి పనిచేసుకోవడానికి ఓసీఐ కార్డు ఉంది. రోజుకి పదిహేను వేలు, రాకపోకలు, బస వేరు. నాన్న మొదట గింజుకున్నారు. డెబ్భై డాలర్లు గుర్తుచేశా, సంతకం పెట్టారు.

వ్రోత్స్‌వాఫ్ అన్న ఆవిడతో ఫోన్లో ఇరవై నిమిషాలు పోలిష్‌లో మాట్లాడి చూశాడు, బాగుందన్నాడు. థాంక్స్ అన్నా.

ఆవిడ మాట్లాడిన మొదటి మాట ఏంటో తెలుసా? "మీ రాయి గురించి నాకు ఏమీ తెలీదు. మీరు వాడే మాటలన్నీ పంపండి, ఫోటోలతో." క్వారీలో మోత ఎంత ఉంటుంది, బూట్లు నేను తెచ్చుకోవాలా మీరిస్తారా, మాట్లాడేది ఎవరెవరు, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారా అందరూ ఒకేసారా, అని అడిగారు. చివరిదానికి ఏం చెప్పాలో తెలియలేదు. మా ఇంట్లో అందరం ఒకేసారే మాట్లాడతాం.

లుబ్లిన్_డాక్టరమ్మ
మంచి మనిషి దొరికారు. తెలియదని ముందే చెప్పేవాళ్ళని నమ్మొచ్చు.

మాటల పట్టీ ఎంత అవసరమో నా అనుభవం ఒకటి చెప్తా. అక్కడ లారీ నడిపే మన తెలుగాయన ఒకరిని రాత్రిపూట ఎమర్జెన్సీకి తెచ్చారు. ఆయన "గుండెల్లో మంట" అన్నాడు. వెంట వచ్చిన కుర్రాడికి పోలిష్ బాగానే వచ్చు, "గుండె కాలిపోతోందట" అని చెప్పాడు. డాక్టర్లు గుండెపోటు అని పరుగులు పెట్టారు, ఈసీజీ, రక్త పరీక్షలు, అన్నీ. నన్ను పిలిస్తే వెళ్ళి అడిగా, ఏం తిన్నావన్నా అని. ఆవకాయ కలుపుకుని ఆకలి కొద్దీ రెండుసార్లు తిన్నాట్ట, పడుకుంటే పైకి ఎగదన్నుతోందట. దానికి పోలిష్‌లో "జ్గాగా" అనే మాట ఉంది. గుండె పరీక్షలు చేయడం మంచిదే, నేనైనా చేయించేదాన్ని. కానీ ఆ మనిషి గంటసేపు తాను చచ్చిపోతున్నాననుకుని ఏడ్చాడు. ఇక్కడ భార్యకి ఫోన్ చేసి అప్పులెక్కలు కూడా చెప్పేశాడు. ఆ కుర్రాడి తప్పు కాదు. రెండు భాషలూ వచ్చు, ఆ పని మాటలు రావు, అంతే.

నల్లరాయి తమ్ముడూ, రాయిలో పగులుకి పోలిష్‌లో "పెంక్న్యెంచె" అంటారు, పైపైన గీత పడితే "రిసా". ఈ రెండూ తారుమారైతే మంచి బ్లాకు పోతుంది. ఇవి పట్టీలో పెట్టు.

పెన్నా_గట్టు
గ్రాస్ కొలత (బ్లాకు మొత్తం), నెట్ కొలత (అలవెన్సు తీసేశాక లెక్కలోకి వచ్చేది) కూడా పెట్టు. అలవెన్సు, అంటే అంచుల వంకరకి తగ్గించే కొలత, ఎంత వదులుతారన్న దగ్గరే గొడవలొస్తాయి. మీ కొలతల కాగితం పాతది ఒకటి ఆవిడకి ముందే పంపు, లెక్క ఎలా వేస్తారో చూసుకుంటారు.

ఇంకోటి. నువ్వు మాట్లాడేటప్పుడు ఆవిడ వైపు కాదు, బయ్యరు మొహం చూసి మాట్లాడు. "ఆయన్ని అడగండి", "ఆయనకి చెప్పండి" అనొద్దు. నేరుగా "మీరు" అను. ఆవిడ కూడా నీ మాటని "నేను" అనే చెప్తారు, కంగారు పడొద్దు. రెండు వాక్యాలకి ఒకసారి ఆగు. ఎండలో మధ్యమధ్య ఆవిడ గొంతుకి విశ్రాంతి ఇవ్వండి. అందరూ భోంచేస్తూ ఆవిడ చేత మాట్లాడిస్తే ఆవిడ ఎప్పుడు తింటారు? ముందు ఆవిడకి పెట్టించు.

వ్రోత్స్‌వాఫ్_ఒంగోలోడు
బయ్యర్లని పేరు పెట్టి పిలవకండి. మగవాళ్ళయితే "పాన్", ఆడవాళ్ళయితే "పాని". మన "గారు" ఎంతో వాళ్ళకి అది అంత. వాళ్ళంతట వాళ్ళు పేరుతో పిలవమంటే అప్పుడు చూద్దాం. థాంక్స్‌కి "జెంకూయె".

కనిగిరి_కుర్రోడు
పాన్ గారూ అంటే డబుల్ మర్యాద. కిళ్ళీ కొట్టు దగ్గర మాత్రం అనొద్దు, చేతిలో ఒకటి పెడతాడు.

మాస్కో_రిటర్న్
నల్లరాయీ, రోహిణి కార్తె ఎండలు. ఆవిడకీ వాళ్ళకీ టోపీలు, మజ్జిగ, ఓఆర్ఎస్ పెట్టుకోండి. క్వారీకి పొద్దున ఆరింటికే బయల్దేరండి. డాక్టరుగా చెప్తున్నా.

గూడూరు_నిమ్మతోట
మజ్జిగలోకి నిమ్మకాయలు నేను పంపుతా. అడ్రసు మెసేజ్ పెట్టండి.

చీమకుర్తి_నల్లరాయి
మూడు రోజులూ అయిపోయాయి. కాళ్ళు లాగేస్తున్నా మీ అందరికీ చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

ఆవిడ ముందు రోజు సాయంత్రం పినాకిని రైలుకి దిగారు. చేతిలో మా పట్టీ, ప్రింటు తీసి, పక్కన పెన్నుతో నింపేసి ఉంది. మొత్తం నూట ముప్పై మాటలు. రాత్రి ఎనిమిదింటికి యూనిట్‌కి వచ్చి కటింగు, పాలిషింగు ఒకసారి చూపించమన్నారు. "రేపు నేను చెప్పబోయేది ఏంటో నా కళ్ళతో చూడాలి" అన్నారు.

మొదటి రోజు మొదటి బ్లాకు దగ్గరే నాన్న రేటు చెప్పారు. పెద్ద బయ్యరు, అరవై ఏళ్ళుంటాయి, చేతులు కట్టుకుని తల ఊపి "నో..." అన్నాడు. నాన్న నావైపు చూశారు. ఆవిడ ఇంగ్లీషులో "సరే, ఇంకా చెప్పండి అంటున్నారు" అన్నారు. నాన్న మొహం చూడాలి మీరు! ఒక్క డాలరు తగ్గించలేదు.

నాలుగో బ్లాకు చూడ్డానికి అద్దంలా ఉంది. బయ్యర్లకి బాగా నచ్చింది. వెంకయ్య తాత సుత్తితో నాలుగు మూలలా కొట్టుకుంటూ వచ్చి ఒక మూల ఆగిపోయాడు. మళ్ళీ కొట్టాడు. "డొల్ల" అన్నాడు. నాన్న ఒక్క క్షణం తటపటాయించారు, అది పెద్ద బ్లాకు, చెప్పకపోతే అమ్ముడైపోయేది. తర్వాత "చెప్పమ్మా" అన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పా. ఆవిడ వెంటనే చెప్పలేదు. తాతని ఇంకోసారి కొట్టమని సైగ చేసి, వంగి చెవి పెట్టి విన్నారు. అప్పుడు వాళ్ళతో "గ్వూహి" అన్నారు. పెద్ద బయ్యరు ముందుకొచ్చి తాత చేతిలో సుత్తి తీసుకున్నాడు. తనే కొట్టి చూశాడు. బాగున్న మూల ఒకసారి, ఆ మూల ఒకసారి. తాత వైపు తిరిగి "గ్వూహి" అన్నాడు. తాత "డొల్ల" అన్నాడు. ఇద్దరూ ఒకరికొకరు తల ఊపుకున్నారు.

తర్వాత ఆవిడ చెప్పారు, గ్వూహి అంటే చెవిటి అని కూడా అర్థమట. ఆ బయ్యరు చిన్నప్పటి నుంచి వాళ్ళ నాన్నతో రాళ్ళు కొట్టినవాడట. ఆ బ్లాకు పక్కన పెట్టేశాం. మిగతావి మేం చెప్పిన మాట మీదే తీసుకున్నారు, మళ్ళీ కొట్టి చూడలేదు. పదకొండు బ్లాకులు మార్కింగు అయ్యాయి.

మాస్టారూ, మహారాజు సంగతి భోజనాల దగ్గర చెప్పించా. చిన్న బయ్యరుకి తెలుసట, వాళ్ళ ఊరి బడిలో చెప్పారట. అమ్మ తమిళంలో ఆవిడతో మాట్లాడుతూనే ఉంది తంబీ, వడ్డించడం నేనే చేయాల్సి వచ్చింది.

మూలపేట_మాస్టారు
ఆ బ్లాకు సంగతి చెప్పమన్న మీ నాన్నగారికి నా నమస్కారం అందించండి.

లుబ్లిన్_డాక్టరమ్మ
గ్వూహి అని సరిగ్గా ఆ మాటే పట్టుకున్నారంటే ఆవిడ చెవి గొప్పది. డబ్బు ఆలస్యం చేయకుండా పంపు తమ్ముడూ.

చీమకుర్తి_నల్లరాయి
సాయంత్రమే పంపేశా అక్కా. అడక్కముందే పంపారని ఆశ్చర్యపోయారు.

పెన్నా_గట్టు
ఆ నూట ముప్పై మాటల పట్టీ ఇక్కడ పెడతావా? ఆవిడ ఒప్పుకుంటేనే. చీమకుర్తిలో అందరికీ పనికొస్తుంది.

చీమకుర్తి_నల్లరాయి
రేపు ఆవిడ్ని రైలెక్కించేటప్పుడు అడుగుతా అన్నా. సరేనంటే రాత్రికి పెడతా. "నో" అంటే కూడా పెడతా 😄